కిలో గడ్డి 649 రూపాయలు: ఒక కిరాణా కొట్టువాడి రివ్యూ

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో డబ్బు పెట్టి గడ్డి కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాననుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, వినాయక చవితికి గరిక కట్టలు మా కొట్టు ముందే పెట్టి అమ్ముతారు, ఏటా నేనూ కొంటాను. కాబట్టి గడ్డి కొన్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. కిలోకి 649 రూపాయలు ఇచ్చి, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, పక్క రాష్ట్రానికి వెళ్ళి మోసుకొచ్చుకున్నవాణ్ణి మాత్రం నేనే.

పార్సిల్ విప్పుతుంటే మా అమ్మ పక్కనే కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. ఒక పోచ చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పట్టి చూసి, "ఏట్రా ఇది, గడ్డా? గడ్డి కొనుక్కొచ్చావా? మీ నాన్నుంటే నిన్ను కొట్లోంచి గెంటేద్దురు" అంది. నిజమే, గెంటేద్దురు.

సంగతేమిటంటే, ఇది కుందేళ్ళకి వేసే తిమోతి గడ్డి. తిమోతి అంటే ఏదో కంపెనీ పేరనుకున్నాను. కాదట. 18వ శతాబ్దంలో అమెరికాలో ఈ గడ్డిని ఊరూరా పాకించిన తిమోతి హాన్సన్ అనే రైతు పేరట. ఇప్పటికి రెండు కంపెనీలవి వాడాను. ఒకటి బాగుంది, ఒకటి బాగోలేదు. పేర్లు రాయను. నేనూ సరుకు అమ్ముకునేవాణ్ణే. ఒక బస్తాలో పుచ్చు పప్పు వచ్చిందని మిల్లు మొత్తాన్ని తిట్టడం నాకు నచ్చదు. ఏం చూసి కొనాలో చెప్తాను, ఏ కంపెనీదైనా అది పనికొస్తుంది. కానీ అంతకుముందు, గడ్డి కొనే గతి ఎందుకు పట్టిందో చెప్పకపోతే మీరూ మా అమ్మలాగే నవ్వుతారు.

రథయాత్ర సెలవుల్లో వేరే ఊరు వెళ్ళినప్పుడు మా వాడు ఒక పెంపుడు జంతువుల షాపు ముందు ఆగిపోయాడు. నాలుగో తరగతి. ఏడుపు మొదలుపెడితే ఊరు వింటుంది. తెల్లటి కుందేలు పిల్ల, చెవుల్లో గులాబీ రంగు. "మూడు నెలల పిల్లండీ. ఏం పెట్టినా తిని అరిగించుకుంటుంది" అన్నాడు షాపతను. ఈ రెండు మాటల్లో ఒక్కటీ నిజం కాదని తర్వాత తెలిసింది. పంజరం, నీళ్ళ సీసా, అరకిలో మేత అంటగట్టాడు. మేత అంటే మొక్కజొన్న గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, మధ్యలో ఎర్రవీ పచ్చవీ ఏవో బిళ్ళలు. చూడ్డానికి పుట్టినరోజు మిఠాయిలా ఉంది.

మరమరాల్లా తెల్లగా ఉందని పిల్లాడు దానికి ముఢీ అని పేరు పెట్టాడు. ఒడియాలో మరమరాలని ముఢీ అంటారు, ఇక్కడ మేమూ అంతే. కుందేలంటే వాడి ఒడియా స్నేహితులకి ఠెకువా, మా అమ్మకి చెవులపిల్లి. పేరు పెట్టాక ఇంకేముంది, ముఢీకి ముఢీ పెట్టడం ఒక ఆటయిపోయింది. కొట్టుకొచ్చే ప్రతివాడూ డబ్బాలోంచి నాలుగు మరమరాలు తీసి పంజరంలో వెయ్యడమే. క్యారెట్ ముక్క, క్యాబేజీ ఆకు, అరటిపండు, గ్లూకోజ్ బిస్కెట్. దేన్నీ వద్దనలేదు. వద్దనకపోయేసరికి మాకు ముచ్చట.

తెచ్చిన రోజే దాన్ని కొట్లో కాటా మీద పెట్టి తూచాను. కొట్టువాడి బుద్ధి, ఇంకేం లేదు. 615 గ్రాములు. ఖాతా పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. తర్వాత ఆ పేజీయే నాకు అక్కరకొచ్చింది.

ఐదో రోజు పొద్దున్న షట్టర్ తీసేసరికి పంజరం దగ్గర పుల్లటి వాసన. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది, వాడుక భాష కోసం పోట్లాడిన మనిషాయన, కాబట్టి పెంటికలని పెంటికలనే రాస్తాను. బాగున్న కుందేలు పెంటిక శనగగింజంత ఉంటుంది. గుండ్రంగా, పొడిగా, వేళ్ళ మధ్య నలిపితే లోపల రంపపు పొట్టులా కనపడుతుంది, వాసనే ఉండదు. ఆ రోజు ఒక్క గుండ్రటి పెంటిక లేదు. అట్టముక్క నిండా జిగట, వెనక కాళ్ళకి కూడా అదే అంటుకుని ఎండిపోయింది. పిల్ల మూలకి ముడుచుకుని, చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు సగం మూసి కూర్చుంది. దగ్గరగా చెవి పెడితే పళ్ళు కొరుకుతున్న చప్పుడు. కాటా మీద పెట్టాను. 558.

పక్కింటావిడ వాళ్ళ మనవడికి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ పట్టుకొచ్చింది. "చిన్నపిల్లలకే ఇస్తారు, దీనికేం కాదు" అంది. మంచి మనసుతోనే తెచ్చింది. మూత కూడా తీశాను. ఎందుకో మనసొప్పక, తెలిసిన మెడికల్ రిప్రజెంటేటివ్‌కి ఫోన్ చేస్తే, శ్రీకాకుళంలో కుక్కలతో పాటు కుందేళ్ళని కూడా చూసే ఒక డాక్టరుగారి నంబరిచ్చాడు. ఆయన ముందు అడిగింది, "తిని ఎన్ని గంటలైంది?" అని. రాత్రి నుంచి ముట్టలేదన్నాను. "అయితే రేపు కాదు, ఇప్పుడే బయల్దేరండి. ఆ సిరప్ మాత్రం పొయ్యొద్దు" అన్నారు. కుందేలు పది పన్నెండు గంటలు తినకపోతే అదే ప్రమాదమట. ఇక అమాక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా పోస్తే పేగులో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి విషం పుట్టిస్తాయట. మనిషి పిల్లల మందు దానికి చావు మందు.

బిస్కెట్ల అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, అందులో దాన్ని పెట్టి బస్సెక్కాను. దాని పొట్ట పాడుచేసిన బిస్కెట్లు కూడా ఆ పెట్టెలోవే. ముసురు. పాతపట్నం, నరసన్నపేట, శ్రీకాకుళం. దారి పొడుగునా పెట్టెలో చెయ్యి పెట్టి, వెచ్చగా ఉందా లేదా అని తడుముకోవడమే పని.

డాక్టరుగారు చూసి "దీనికి ఆరు వారాలు కూడా నిండలేదు. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండాలి" అన్నారు. పెంటిక కొంచెం తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి, నన్నూ చూడమన్నారు. కోడిగుడ్డు ఆకారంలో చిన్న చిన్నవి. కాక్సిడియా అనే పరాన్నజీవి గుడ్లట, చిన్న కుందేళ్ళలో ఇది మామూలేనట. పేగు గట్టిగా ఉంటే తట్టుకుంటాయి. మేమేమో వారం తిరక్కుండా దాని పేగుతో ఆడుకున్నాం. చర్మం కింద సెలైన్ ఎక్కించి, కాక్సిడియాకి నోటి మందు ఇచ్చి, గడ్డి తినే జంతువుల కోసమే చేసిన ఒక పొడి ఇచ్చారు. గోరువెచ్చటి నీళ్ళలో జావలా కలిపి, సూది తీసేసిన సిరంజితో నాలుగు గంటలకోసారి ఐదేసి ఎం.ఎల్. చొప్పున, పెదవి పక్కనుంచి కొంచెం కొంచెంగా. అది తనంతట తాను గడ్డి కొరికేదాకా అదే పని. కూర, పండు, గింజ, బిస్కెట్ అన్నీ బంద్.

ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే గడ్డే బతికించిందని రాస్తే అబద్ధమవుతుంది. మందు లేకపోతే నా కుందేలు చచ్చిపోయేది. నిలబెట్టింది మాత్రం గడ్డి. అదెలాగో ఆయన చెప్పింది నేను నా లెక్కలోకి మార్చుకున్నాను. మా పెదనాన్నగారి దొడ్లో గోబర్ గ్యాస్ తొట్టి ఉండేది. రోజూ పేడ నీళ్ళే పోస్తే మంట నీలంగా, నిలకడగా వెలిగేది. ఒకసారి పెళ్ళిలో మిగిలిన పాయసం, అన్నం అందులో పారబోశారు. నురగలు, వాసన, వారం దాకా మంట లేదు. కుందేలు పొట్టలో సరిగ్గా అలాంటి తొట్టే ఉంది, చిన్నపేగు చివర సంచిలా. అందులో సూక్ష్మజీవులు గడ్డి పీచుని పులియబెట్టి దానికి బలం తయారుచేస్తాయి. చక్కెర, పిండి ఒక్కసారిగా పడితే లోపల సంత చెదిరిపోతుంది. పీచు తగ్గితే పేగు కదలికే మందగిస్తుంది. పైగా కుందేలుకి వాంతి చేసుకునే వీలు లేదు. తిన్నది తిన్నదే.

ఇక సరుకు సంగతి. మొదటి చిక్కు డెలివరీ. మా ఊరి పిన్‌కోడ్ కొడితే ఈ అడ్రసుకి పంపలేం అని వచ్చింది. పాతపట్నంలో ఉన్న మా బావ అడ్రస్ కొడితే వచ్చేస్తుంది! మధ్యలో ఉన్నది రాష్ట్రం సరిహద్దు ఒక్కటే, ఆటో ఎక్కితే పోయే దూరం. ఆరు రోజులకి బావ ఫోన్ చేశాడు, "బావా, నీకు మేతొచ్చింది. బేగి వచ్చి పట్టుకెళ్ళు, మా గేదె చూస్తంది" అని. ఆ ఆరు రోజులూ డాక్టరుగారు తన దగ్గరున్న గడ్డి రెండు గుప్పెళ్ళిస్తే దాంతోనూ, మా మేడ మీద కుండీల్లో పెరిగిన గరికతోనూ నెట్టుకొచ్చాం.

మొదటి కంపెనీ పాకెట్టు, 649 రూపాయలు. కిలో అని ఉంది. కాటా మీద సంచితో సహా 1012, సంచి తీసేస్తే 996. తూకంలో మోసం లేదు, నేను కోపం తెచ్చుకోడానికి సిద్ధంగా ఉన్నాను గానీ అవకాశం ఇవ్వలేదు. విప్పగానే వాసన. మా అమ్మ నవ్వు ఆపి ముక్కు దగ్గర పెట్టుకుని "కళ్ళంలా ఉందిరా" అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు. పోచలు జానెడు పొడుగున్నాయి, లేత ఆకుపచ్చ, అక్కడక్కడా కంకులు. ఆ కంకి అచ్చం చిన్న కొర్ర కంకిలా ఉంటుంది, ముఢీ ముందు దాన్నే ఏరుకుని తింటుంది. పిండి జల్లెడలో వేసి జల్లిస్తే దుమ్ము 38 గ్రాములు రాలింది. ఇది ముఖ్యం. కుందేలు ముక్కు సున్నితం, దుమ్ముంటే తుమ్ముతూనే ఉంటుంది.

రెండో కంపెనీది 90 రూపాయలు తక్కువని కొన్నాను. మాదీ బేరాల బతుకే కదా. ఇటుకలా నొక్కి ప్యాక్ చేశారు. విప్పితే గోధుమరంగు, పోచలు రెండంగుళాలు కూడా లేవు, మధ్యలో చల్లటి తడి. దుమ్ము 110 గ్రాములు. ఒక మూల తడిసిన గోనెసంచి వాసన. బూజు పట్టిన మేత కుందేలుకి ప్రాణం మీదికి తెస్తుందని అప్పటికే తెలుసు, కాబట్టి పంజరం దాకా వెళ్ళనివ్వలేదు. బావగారి గేదెక్కూడా పెట్టలేదు, ఎరువు గుంటలో వేశాం.

కాబట్టి చూసి కొనండి. రంగు ఆకుపచ్చ, పోచ పొడుగు, వాసన తియ్యన. ఫొటోలో పాకెట్టు బొమ్మ కాదు, కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోల్లో గడ్డి చూడండి. వచ్చాక ప్లాస్టిక్ సంచిలోనే మూతి బిగించి ఉంచొద్దు, ముఖ్యంగా మా వైపు వానాకాలంలో. నేను ఉతికిన గుడ్డసంచిలో పోసి, బియ్యం బస్తాల మీద, గోడకి ఆనకుండా పెడుతున్నాను.

మంచి గడ్డికి కూడా ఒక స్టార్ కోస్తున్నాను. పాకెట్టు మీద క్యారెట్ కొరుకుతున్న కుందేలు బొమ్మ. గడ్డి అమ్ముతూ క్యారెట్ బొమ్మేమిటి? తియ్యటి దుంప అది, ఎప్పుడో గోరంత ముక్క చాలు. ఆ బొమ్మలు చూసే కదా మేం రోజూ క్యారెట్ పెట్టాం. ప్యాకింగ్ తేదీ సంచి అడుగు మడతలో, భూతద్దం పెట్టుకుంటే గానీ కనపడదు. మా కొట్లో అలా ఉంటే సరుకు వెనక్కి పంపేస్తాను. అన్నిటికంటే పెద్ద తప్పు, "అన్ని వయసులవాటికీ" అని రాసి ఊరుకోవడం. డాక్టరుగారు చెప్పిందేమిటంటే, ఎదిగే పిల్లకి తిమోతి ఒక్కటే చాలదు. మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువుండే లూసర్న్ గడ్డి గానీ, కుందేలు పిల్లల కోసం చేసిన పెల్లెట్లు, అంటే గుళికల మేత గానీ పక్కన ఉండాలి. మా దానికి పొట్ట పాడైంది కాబట్టి మొదట ఉత్త గడ్డీ నీళ్ళూ, కుదుటపడ్డాక మిగతావి. పెద్దయ్యాక లూసర్న్ మానెయ్యాలి, ఆ కాల్షియం అప్పుడు ఎక్కువైపోతుంది.

ఆ కుదుటపడ్డం ఎలా జరిగిందో ఖాతా పేజీలో ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మర్నాడు 552. టెన్షన్‌తో ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా పడుకోలేదు, మా ఆవిడ రెండు గంటలకి అలారం పెట్టుకుని లేచి సిరంజి పట్టింది. మూడో రోజు తెల్లవారుజామున కరకరమని చప్పుడు. టార్చి వేసి చూస్తే ఒక గరిక పోచ నోట్లోకి, పెన్సిల్ చెక్కే మిషన్లోకి పోతున్నట్టు పోతోంది. ఆ పొద్దున్న ఏడు పెంటికలు, గుండ్రటివి. లెక్కపెట్టాను, అవును. 561. ఎనిమిదో రోజు 590. అప్పుడు ఐదు గ్రాముల పెల్లెట్లు, రెండ్రోజులకోసారి ఇంకో రెండు గ్రాములు. షాపువాడిచ్చిన రంగుల మేత పావురాలకి కూడా వెయ్యకుండా పారేశాను. మూడు వారాల తర్వాత కొత్తిమీర ఒక్క రెమ్మ. మూడు రోజులు ఆగి, పెంటికలు బాగుంటేనే మరో రెమ్మ. తర్వాత పుదీనా, అదీ అలాగే. మా వాడికి ఇప్పుడు కొత్త ఆకు పెట్టడం అంటే పరీక్ష రిజల్ట్ చూసుకోవడం లాంటిది.

మధ్యలో ఒక భయం కూడా పడ్డాం. బాగుందనుకున్న పదో రోజు, ద్రాక్షగుత్తిలా అంటుకున్న మెత్తటి నల్లటి పెంటికలు. మా అమ్మ కేకేసింది, "ఒరే, ముడ్డికాడ మూతెట్టి అదే తినేస్తందిరా, ఛీ!" వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన నవ్వారు. "తినాలి. ఆవు నెమరేసినట్టు దానికిది. ఆ తొట్టిలో తయారైన విటమిన్లు, మాంసకృత్తులు అలా తీసుకుంటుంది. తినకుండా వదిలేస్తే నాకు చెప్పండి" అన్నారు. ఆ మాటలకి మా అమ్మ ఒప్పుకోలేదు గానీ ముక్కు మూసుకుని ఊరుకుంది. నీళ్ళలా వస్తే మాత్రం అది వేరు. చిన్న పిల్లలో నీళ్ళ విరేచనం అంటే ఆ గంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

ఖర్చు సంగతి అడుగుతారు. మొదట్లో తిన్నదీ, తొక్కి పారేసిందీ కలిపి రోజుకి 40 గ్రాములు, అంటే కిలో 25 రోజులు. రోజుకి 26 రూపాయలు. పెద్దదై రెండు కిలోలు తూగితే దీనికి రెట్టింపు. నా గల్లాపెట్టె అది ఒప్పుకోదు. వరిగడ్డి వెయ్యొచ్చుగా అని ఊరంతా సలహా. కింద పరుపుగా వెయ్యొచ్చు, దాంట్లో బలం లేదు. అందుకని మేడ మీద గరిక పెంచుతున్నాను, ఒడియావాళ్ళు దూబ అంటారు. మందు కొట్టనిది, రోడ్డు పక్కది కానిది, కుక్కలు తిరగని చోటుది కావాలి. కోసి నీడలో ఆరబెడుతున్నాను. వానాకాలం కదా, సగం ఎండుతుంది, సగం ఎండనంటుంది. ఎండినదాన్ని తిమోతిలో ముందు పదో వంతు కలిపాను, ఇప్పుడు మూడో వంతుకి వచ్చాను. ఒక్కసారిగా మార్చే ధైర్యం లేదు. చవితికి మార్కెట్లో గరిక కట్టలు కుప్పలుగా వస్తే మా వాడు "నాన్నా, వినాయకుడికి ఒకటి, ముఢీకి పది" అన్నాడు. అవి ఎక్కడ కోశారో తెలీదు కాబట్టి దేవుడికి మాత్రమే కొన్నాను.

కొట్లో ఇప్పుడు పంజరం మీద అట్ట కట్టాం, తెలుగులోనూ ఒడియాలోనూ. ఏమీ పెట్టొద్దు అని. పక్కింటావిడ అది చదివి, "నాకు రాశార్రా ఇది" అంటూ నవ్వుతుంది, తర్వాత సంచిలోంచి కడిగిన కొత్తిమీర రెమ్మ ఒక్కటే తీసి, నా వంక చూసి, నేను తలూపాక పెడుతుంది.

మొదటి కంపెనీది మళ్ళీ తెప్పించాను, నిన్న బావ పట్టుకొచ్చాడు. నికరం 1003, దుమ్ము 52. పోయినసారి కంటే కొంచెం ఎక్కువ, పోచ మాత్రం పొడుగే. క్యారెట్ బొమ్మ అలాగే ఉంది. అయిదుకి నాలుగు స్టార్లు. ముఢీ ఈ పొద్దున్న 1420 గ్రాములు, కాటా పళ్ళెంలో సరిగ్గా పట్టడం లేదు, వెనక కాళ్ళు బయటికొస్తున్నాయి.